రోగనిరోధక కణదూతల నామవిచారము

వికారాబాదునకు సమీపమున అనంతగిరి కొండలు కలవు. మూసీనది జన్మస్థానమనియు, అనంతపద్మనాభస్వామి క్షేత్రమనియు ఆ కొండలు ప్రసిద్ధములు. క్షయరోగులకై వైద్యశాల యొకటి ఆ చెట్లనడుమ కట్టబడుటచేత వానికి మఱియొక ప్రసిద్ధియు కలిగినది. తగిన మందులు లేని దినములలో శుద్ధవాయువు, విశ్రాంతి, పుష్టికరమగు ఆహారము, ఇవియే యీ రోగమునకు చికిత్సలు. అందుచే కొండగాలి తగులుచోట్ల ఇట్టి వైద్యశాలలను నిర్మించుట నానాదేశములందును ఆచారముగా నుండెను.

క్షయ యను మాటను కొంచెము పరిశీలింపవలసియున్నది. రోగి దినదినమును క్షీణించును గనుక క్షయ. ఎండిపోవును గనుక శోష. అమరసింహుడు క్షయ, శోష, యక్ష్మ శబ్దములను పర్యాయములుగా పఠించెను. మొదటి రెండును కంటికి కనబడు లక్షణమును బట్టి పుట్టిన పేరులు. రోగహేతువగు సూక్ష్మజీవిని కోఖు పండితుడు 1882లో కనుగొనెను. అయినను ఆ పేరు పోలేదు. ఆశ్చర్యకరమగు విషయ మొకటి కలదు. రోగి కృశించుటకు ఆ క్రిమి యొక్కటియే కారణము గాదు. క్రిమిని ఎదుర్కొనుటకై దేహము తానే వెలువరించు ఒక మాంసకృత్తునకును అందు పాలు కలదు. ఆ మాంసకృత్తును దేహక్షీణతనుబట్టి వెదకి పట్టినవారు దానికి కాకెక్టిను అని పేరిడిరి. గ్రీకుభాషలో కాకెక్సియా యనగా దుస్థితి, కృశత్వము. తెలుగున క్షయకారి యనవచ్చును. కాని అదే మాంసకృత్తు అంతకు పదియేండ్లకు ముందే వేఱొక ప్రయోగశాలలో కణితులను చంపునదని పేరొందియుండెను. దాని మూడవ పని, అనంతగిరి వంటి వైద్యశాలలకు మిక్కిలి సన్నిహితమైనది, క్షయక్రిమిని ఊపిరితిత్తులలో చెఱబెట్టి యుంచుట. చంపునదని యొకరు, కృశింపజేయునదని యొకరు, కావలికాయునదని మఱియొకరు చెప్పుచుండ, అట్టి వస్తువునకు ఏ నామము తగునన్నదే యీ వ్యాసమున విచార్యము.

ఈ జాతి మాంసకృత్తులకు నేడు శాస్త్రమున సామాన్యనామము సైటోకైనులు. సైటో యనగా కణము. కైను అనగా చలింపజేయునది. వీనిని ఇచట కణదూతలని వ్యవహరింతము. దేహమున క్రిమి ప్రవేశించినపుడు దానిని మొదట తాకిన కణము తక్కిన కణములకు వార్త పంపవలెను. ఆ వార్తయే యీ మాంసకృత్తు. ఇది మిక్కిలి స్వల్పపరిమాణమున వెలువడి, తఱుచుగా సమీపకణములపైననే పనిచేయును. జాబు ఎందఱి యిండ్లముందుగా పోయినను లిపి నెఱిగినవాడు మాత్రమే దానిని చదువగలుగునట్లు, పైపొరయందు తగిన గ్రాహకము గల కణము మాత్రమే దూతను గుర్తించును. గుర్తించిన కణము తన స్వభావమును బట్టి ప్రవర్తించును: ఒకటి విభజనము చెందును, ఒకటి విషమును వెలువరించును, ఒకటి చచ్చును. ఒకే జాబు ఒక యింట పెండ్లిసందడిని, ఒక యింట ఏడ్పును కలిగించినట్లు. నామముల చిక్కంతయు ఇందుండియే పుట్టినది.

మన శాస్త్రకారులు నామములను యౌగికములు, రూఢములు, యోగరూఢములు అని విభజించిరి. అవయవార్థమే యర్థముగా గలది యౌగికము, వండువాడు పాచకుడు. అవయవార్థముతో పనిలేక సముదాయమే యర్థమును తెలుపునది రూఢము. మండపశబ్దమునకు గంజి త్రాగునదను వ్యుత్పత్తి చెప్పవచ్చునుగాని మండపమున గూర్చున్నవా డెవ్వడును గంజిని తలపడు. అవయవార్థము కలిగియు ఒక్క వస్తువునందే నిలిచినది యోగరూఢము. బురదలో పుట్టున వెన్నియున్నను పంకజమనగా తామరయే. పాశ్చాత్యశాస్త్రజ్ఞు లీ విభాగము నెఱిగియుండకపోవచ్చును. అయినను వారు కణదూతలకు పెట్టిన పేరుల చరిత్ర యంతయు యౌగికమునుండి రూఢమునకు సాగిన ప్రయాణమే.

మొదటి పేరు లన్నియు యౌగికములు. అట్లగుటకు హేతువు కలదు. ఆ కాలమున పరిశోధకుని చేతిలో నుండినది శుద్ధమైన వస్తువు కాదు. కణములను పెంచిన ద్రవము. ఆ ద్రవమునందు ఏదియో యున్నదని దాని కార్యమును బట్టి యూహించుటయే తప్ప వస్తువును చూచినవారు లేరు. కావున చూచిన కార్యమే పేరయ్యెను. 1948లో బీసను అను వైద్యుడు కుందేళ్ల తెల్లరక్తకణములనుండి జ్వరమును పుట్టించు పదార్థమును గ్రహించెను; అది అంతర్జనిత జ్వరకారి యని పిలువబడెను. 1972లో గేరీ మొదలగువారు లింఫోకణములను ప్రేరేపించు పదార్థమును చూచిరి; అది లింఫోకణప్రేరకము. మృదులాస్థిని కరగించుట చూచినవారు కాటబొలిను అనిరి. ఎముకలను తినుకణములను పురికొల్పునది యని వేఱొకరు పేరుపెట్టిరి. తుదకు వస్తువు శుద్ధమై చేతికి చిక్కినపుడు, ఇవన్నియు ఒక్కటే యని తేలినది. క్షయ, శోష, యక్ష్మ అనునట్లు పర్యాయములు. కాని పర్యాయములని వాడువారే యెఱుగరు. జ్వరమును పరిశోధించువారును ఎముకలను పరిశోధించువారును ఒకరి వ్యాసము నొకరు చదువక, ఒకే ఇంటి రెండు గుమ్మములను రెండు ఇండ్లని తలంచుచుండిరి.

దీనికి విపరీతదోషమును కలదు. అదియే నానార్థము. 1969లో డ్యూమండు మొదలగువారు లింఫోకైను అను మాటను సృష్టించిరి. లింఫోకణములనుండి వెలువడు సమస్తమునకును అది పేరయ్యెను. ఏకకేంద్రకణములనుండి పుట్టినదానిని మోనోకైను అనిరి. కాని ఒకే మాంసకృత్తును పలుజాతుల కణములు పుట్టించునని తెలిసిన తోడనే పుట్టినయింటిని బట్టి చేసిన యీ విభాగము నిలువలేదు. 1974లో స్టాన్లీ కోహెను సైటోకైను అను విశాలశబ్దమును వాడెను. నేడు నిలిచినది అదియే.

పుట్టినచోటిని బట్టి పేరుపెట్టుటలోని చిక్కు తాండూరువారికి క్రొత్తది కాదు. తాండూరు గనులలో తీయు పలకలు తాండూరుబండలు. రైలుమార్గమున ఇంకను పడమరగా కన్నడదేశమునందలి షాబాదున తీయునవి షాబాదుబండలు. ఇల్లు కట్టించువాడు తాండూరు పలకనే పఱపించి షాబాదుబండ యని చెప్పుకొనుటయు కలదు. నీలిబండ, పసుపుబండ యని వన్నెను బట్టి మఱియొక విభాగము. భూగర్భశాస్త్రజ్ఞున కన్ననో ఇవన్నియు భీమా లోయ సున్నపురాయియే. వర్తకునకు ఊరిపేరు చాలును. రాతిని ఎఱుగగోరువానికి రాతిలోని పదార్థము కావలెను. రెండును తప్పు గావు. ఒకదానిని రెండవదానిగా గ్రహించుటయే తప్పు.

కణదూతల విషయమున ఈ గందరగోళమును తీర్చుటకై 1979లో స్విట్జర్లాండుదేశమున ఎర్మాటింగెను అను గ్రామమున పండితసభ కూడెను. కార్యమును బట్టి పేరిడుట మానవలెనని వారు నిశ్చయించి, ఇంటర్ల్యూకిను అను సామాన్యపదమును, దాని ప్రక్క నొక సంఖ్యను స్వీకరించిరి. జ్వరకారి మొదలగు నామములు గలది ఇంటర్ల్యూకిను-1 అయ్యెను. 1976లో మోర్గను, రుసెట్టి, గాల్లో అనువారు టి కణములను పెంచునదిగా ప్రకటించినది ఇంటర్ల్యూకిను-2 అయ్యెను. ఇది నామశాస్త్రమున గొప్ప నిర్ణయము. ఒకటి, రెండు అను సంఖ్యలు వస్తువును గూర్చి యేమియు చెప్పవు. ఏమియు చెప్పనందుననే అబద్ధమును చెప్పవు. శుద్ధరూఢము యొక్క బలము ఇదియే. పనియెంత మాఱినను, క్రొత్తపను లెన్ని తెలిసినను సంఖ్య చెక్కుచెదరదు.

అయినను సంఖ్యకు ముందున్న పదమున యౌగికాంశము దాగియున్నది. ఇంటర్ అనగా నడుమ. ల్యూకో అనగా తెల్లని, ఇచట తెల్లరక్తకణము. తెల్లకణములనడుమ సంచరించునది యని యర్థము. కాని చర్మకణములు, రక్తనాళముల లోపొరకణములు కూడ వీనిని పుట్టించును. కాలేయము వీని యాజ్ఞను వినును. అందుచే ఈ పదము నేడు యోగరూఢము కూడ కాదు. దర్భలను తెచ్చువాడను వ్యుత్పత్తి గల కుశలశబ్దము నేర్పరి యను నర్థమున స్థిరపడినట్లు, ఇదియు వ్యుత్పత్తిని విడిచి స్థిరపడినది. పంకజమనుటకు తామరపువ్వు బురదలోనైనను పుట్టవలెను గదా!

ఇంటర్ల్యూకిను-6 కథ పర్యాయదోషమునకు మంచి యుదాహరణము. 1986లో జపానుదేశమున హిరానో, కిషిమోటో మొదలగువారు దాని జన్యువును వెలికితీసినపుడు అది బి కణములను ప్రేరేపించు రెండవ పదార్థముగా నుండెను. కాలేయకణములను ప్రేరేపించునదని యొకరు, ఇంటర్ఫెరాను బీటా-2 అని యొకరు, అణుభారమును బట్టి ఇరువది యాఱు వేల మాంసకృత్తని వేఱొకరు పిలుచుచుండినది అదియే. వీనిలో ఇంటర్ఫెరాను అను పేరు కేవలము భ్రాంతి. ఆ పేరు సూచించు పని దానియందు లేదు.

ఇంటర్ఫెరాను అను మాట వేఱుగా చెప్పదగినది. 1957లో లండనునగరమున ఐజాక్సు, లిండెన్‌మాను అను నిరువురు ఒక వైరసు సోకిన కణములు మఱియొక వైరసును అడ్డగించుట చూచి, అడ్డగించునదను నర్థమున ఈ పేరిడిరి. చక్కని యౌగికము. తెల్లకణముల ఇంటర్ఫెరాను, తంతుకణముల ఇంటర్ఫెరాను, నిరోధక ఇంటర్ఫెరాను అని మొదట పుట్టుకను బట్టి మూడుగా చేసి, 1980లో వానిని ఆల్ఫా, బీటా, గామా యని గ్రీకు అక్షరములతో మార్చిరి. అక్షరములు వరుసగా నుండుటచే మూవురును తోబుట్టువులని తోచును. అది సత్యము కాదు. ఆల్ఫా, బీటాలు ఒకే గ్రాహకమున చేరునవి. ఆల్ఫా యన్నది ఒకటి గాక పదిని మించిన జన్యువుల సమూహము. గామా ఒంటరి, దాని జన్యువు వేఱు, నిర్మాణము వేఱు, గ్రాహకమును వేఱు. వైరసును అడ్డగించుటకంటె మహాభక్షకకణములకు బలమునిచ్చుట దాని ముఖ్యకార్యము. ఒకప్పుడు మహాభక్షకోత్తేజకమని వేఱొక పేరుతో పిలువబడినది చాలమట్టుకు ఇదియేయని పిదప తెలిసినది. విడువబడిన ఆ పేరే దానికి ఎక్కువగా తగియుండెననుట న్యాయము.

క్షయక్రిమి నివసించునది ఈ మహాభక్షకకణములయందే. తన్ను తినవచ్చిన కణమునందే అది కాపురముండును. గామా ఇంటర్ఫెరాను అందినపుడు ఆ కణము మేల్కొని క్రిమిని అణచగలుగును. జన్మతః ఈ దూతగాని దీనిని పుట్టించు ఇంటర్ల్యూకిను-12 గాని సరిగా పనిచేయనివారు ఈ జాతి క్రిములకు తేలికగా లోబడుదురు. నేడు వాడుకలోనున్న రక్తపరీక్ష యొకటి ఈ జ్ఞానముపైననే నిలిచినది. రోగి రక్తమును క్షయక్రిమికి చెందిన రెండు మాంసకృత్తులతో కలిపియుంచి, టి కణములు వెలువరించిన గామా ఇంటర్ఫెరానును కొలుతురు. ఆ మాంసకృత్తులు బి.సి.జి. టీకా క్రిమియందు లేవు గాన టీకా పొందినవారి విషయమున భ్రాంతి కలుగదు. క్రిమి దేహమున చేరినదని పరీక్ష చెప్పునుగాని అది నిద్రించుచున్నదో రోగమును కలిగించుచున్నదో చెప్పజాలదు.

ఇక 2003లో ఇంటర్ఫెరానులలో మూడవ వర్గము బయల్పడినది. రెండు పరిశోధకబృందములు ఏకకాలమున కనుగొన్నందున ఒకరు ఇంటర్ల్యూకిను-28, 29 అని సంఖ్యల నిచ్చిరి. ఒకరు లామ్డా ఇంటర్ఫెరానులనిరి. రూఢమును యౌగికమును ఒకే వస్తువునకు ఒకే సంవత్సరమున కలిగినవి. ఎర్మాటింగెను సభ తీర్పు చెప్పి ఇరువదినాలుగేండ్లు గడచినను పర్యాయదోషము పోలేదన్నమాట.

మూడవ పద్ధతి, నామములలో మిక్కిలి యందమైనది, కెమోకైనులది. కణములను తమవైపునకు ఆకర్షించి నడపించు చిన్న మాంసకృత్తు లివి. మానవదేహమున నలుబదికి పైగా కలవు. వీనిలో ఒకదానికి ఒక సుదీర్ఘ ఆంగ్లవాక్యము యొక్క మొదటి యక్షరములను కూర్చి ర్యాంటీసు అని పేరు పెట్టియుండిరి. 2000లో జ్లాట్నిక్, యోషీ యనువారు వీనికి నిర్మాణమును బట్టి నామములు కల్పించిరి. సిస్టీను అను అమైనో ఆమ్లమునకు గుర్తు సి. మాంసకృత్తు మొదటిభాగమున రెండు సిస్టీనులు ప్రక్కప్రక్కల నున్న సి.సి.; నడుమ మఱియొకటి చొచ్చిన సి.ఎక్స్.సి.; మూడు చొచ్చిన సి.ఎక్స్.3.సి.; ఆ రెండింటిలో ఒకటియే యున్నది ఎక్స్.సి. పిదప దూతయైన ఎల్ అనియు, గ్రాహకమైన ఆర్ అనియు చేర్చి సంఖ్య వేయుదురు. ర్యాంటీసు నేడు సి.సి.ఎల్.5. మొదట ఇంటర్ల్యూకిను-8 అని సంఖ్య పొందినది కెమోకైనే యగుటచే సి.ఎక్స్.సి.ఎల్.8 అయ్యెను. పాణిని ప్రత్యాహారములను చదివినవారి కిది క్రొత్త తోపదు. అచ్చు, హల్లు అను మాటలే యే వర్ణములు లోపల నున్నవో తెలుపును గదా. ఇచటను పేరే నిర్మాణమును చెప్పుచున్నది. యౌగికమే, కాని కార్యమును బట్టి కాక స్వరూపమును బట్టి వచ్చిన యౌగికము. కార్యము పరిస్థితిని బట్టి మాఱును. సిస్టీనులు ఉన్నచోటనే యుండును.

సంఖ్యానామములలోని లోపము బంధుత్వమును చెప్పకపోవుట. ఇంటర్ల్యూకిను-1కి 2తో చుట్టఱిక మేమియు లేదు. 18, 33, 36, 37, 38 దాని బంధువులు. ఈ వంశమున కొందఱికి మొదట ఒకటవ వంశపు ఐదవవాడు, ఆఱవవాడు అను తెఱగున పేరుండగా, 2010లో వానిని మార్చి 36 మొదలగు సంఖ్యల నొసగిరి. బంధుత్వమును చెప్పు పేరు పోయి చెప్పని పేరు వచ్చుట కొంత విచిత్రమే. సంఖ్యలు ఇప్పటికి నలుబదిని ముట్టినవి. సంఖ్య కనుగొన్న క్రమమును మాత్రమే చెప్పును. బడిలో చేరిన వరుసను బట్టి బాలురకు వేసిన అంకెలవలె.

అందుచే వర్గీకరణమునకు మార్గము వేఱయ్యెను. దూతను ఎవడు పంపెనని గాక, ఎవడు అందుకొనునని చూచుట. గ్రాహకమే యింటిపేరు. 2, 4, 7, 9, 15, 21 అను ఇంటర్ల్యూకినుల గ్రాహకములన్నిటను గామా గొలుసు అను ఒక భాగము ఉమ్మడిగా నున్నది. ఆ యొక్క జన్యువు చెడినచో పుట్టిన మగశిశువునకు రోగనిరోధము దాదాపు శూన్యమగును. ఒక్క దూత కాదు, ఒక యింటివారందఱును మూగవోవుదురు. ఈ దృష్టిలో చూచినపుడు దేహమును పెంచు హార్మోను, ఎఱ్ఱరక్తకణములను వృద్ధిచేయు ఎరిత్రోపోయెటిను కూడ ఈ మొదటి తరగతి గ్రాహకవంశమున చేరును. రోగనిరోధముతో పనియుండని వానికిని ఇంటిపేరు అదియే. పేరులు దాచిన బంధుత్వమును గ్రాహకములు బయటపెట్టినవి.

ఇంక మొదట తలపెట్టిన మాంసకృత్తు. 1975లో కార్స్‌వెల్, ఓల్డు మొదలగువారు ఎలుకలలో కణితులను కుళ్లింపజేయు పదార్థమును చూచి ట్యూమరు నెక్రోసిసు ఫాక్టరు అనిరి. దానినే సంక్షేపముగ టి.ఎన్.ఎఫ్. అందురు. 1985లో బాయిట్లరు, సెరామీ యనువారు తమ కాకెక్టిను ఇదియేయని తెలిసికొనిరి. పేరును నమ్మి దీనిని పుట్టకురుపు గల రోగులకు రక్తమున ఎక్కించి చూచినపుడు రక్తపుపోటు పడిపోయి మిక్కిలి బాధ కలిగెనేగాని ఆశించిన ఫలము కలుగలేదు. తరువాత దీని నడ్డగించుటయే చికిత్సయైనది, పుట్టకురుపునకు గాక కీళ్లవాతమునకును ప్రేగుల మంటకును. 1998 నుండి అట్టి మందులు వాడుకకు వచ్చినవి. 2001లో ఇన్‌ఫ్లిక్సిమాబు అను మందు వాడినవారిలో డెబ్బది క్షయరోగ సందర్భములు ప్రకటింపబడెను. క్షయక్రిముల చుట్టును కణములు కట్టిన కోటను నిలుపుచుండినది ఈ మాంసకృత్తే. దానిని అణచగా కోట పడినది, నిద్రించు క్రిమి లేచినది. నేడు ఆ మందునకు ముందు రోగికి క్షయక్రిమి సోకినదా యని పరీక్షించుట విధి. కీళ్లనొప్పికి మందు వ్రాయు వైద్యునకు కణితి యను పేరునందు క్షయ జాడ కనబడదు.

తెలుగున శాస్త్రపాఠములు వ్రాయువారికి ఇచట నొక కష్టము కలదు. టి.ఎన్.ఎఫ్.ను కణితినాశకకారకమని తెనిగించిన అది అక్షరశః సరియైన అనువాదమే; కాని అనువదింపబడినది 1975 నాటి యొక యెలుక కణితి. అనంతగిరికి వచ్చిన క్షయరోగి బంధువునకుగాని, తాండూరులో కీళ్లవాతముతో బాధపడు వృద్ధురాలికిగాని ఆ మాట వినిపించిన, తమకు కణితి కలదని భయపడుదురు. ఇంటర్ల్యూకినును శ్వేతకణాంతరమనుట పంకజమును బురదపుట్టువని తెనిగించుటకంటెను హీనము. రూఢనామమును ధ్వనితోనే గ్రహించి, ప్రక్కన దాని పనిని తెలుగువాక్యమున చెప్పుట మేలు. సైటోకైను వంటి సామాన్యసంజ్ఞను మాత్రము కణదూత యని తెనిగించిన దోషము లేదు; అది వస్తువును గాక వర్గమును చెప్పును, అందలి యవయవార్థము నేటికిని నిజము.

టి.ఎన్.ఎఫ్. నామమునకు ఒక తోక మిగిలియున్నది. దీనికి సహోదరమగు లింఫోటాక్సినును కొంతకాలము బీటా యని పిలిచినందున దీనికి ఆల్ఫా యని విశేషణము తగిలించిరి. 1998లో పండితసభ బీటాను తొలగించి దానికి పూర్వపు పేరునే మరల ఇచ్చినది. ఆల్ఫాయు దానితో పోయినది. అయినను వైద్యుల చీటీలయందును, మందుపెట్టెల వ్రాతలయందును టి.ఎన్.ఎఫ్. ఆల్ఫా యని నేటికిని కనబడుచున్నది, తమ్ముడు లేని పెద్దన్న వలె.